‘లివింగ్ ఇన్ బాండేజ్’ సినిమాను ఎలా చూడాలి

డబ్బు కోసం కట్టుకున్న భార్యను బలి ఇచ్చి, కోరిన సంపద చేతికందిన తర్వాత ఆమె ఆత్మ వెంటాడగా మతి చెడి వీధుల పాలైన ఒక మనిషి కథ ‘లివింగ్ ఇన్ బాండేజ్’. 1992లో నైజీరియాలో, అక్కడి ఆగ్నేయ ప్రాంతపు ఇగ్బో ప్రజల భాషలో తీసి, థియేటర్ల జోలికి పోకుండా నేరుగా వీడియో క్యాసెట్లుగా అమ్మిన ఈ చిత్రానికి, ఈనాడు నాలీవుడ్ అని పిలుస్తున్న పరిశ్రమకు పునాది వేసిన చిత్రంగా పేరుంది. ఆ పేరు విని, ఇదొక దెయ్యం సినిమా అనుకుని, రాత్రిపూట దీపాలు ఆర్పి పెట్టుకున్న తెలుగు ప్రేక్షకుడు అరగంటలో ఆపేసే ప్రమాదం ఎక్కువ. చాలాసేపటి వరకు తెరమీద దెయ్యం జాడే ఉండదు. హాలులో సోఫాల మీద కూర్చుని మాట్లాడుకునే మనుషులే కనిపిస్తారు. అసలు సరుకంతా ఆ మాటల్లోనే ఉంది. వాటిని పట్టుకుని సినిమాను చివరిదాకా చూడటానికి పనికొచ్చే విషయాలు కొన్ని ఇక్కడ చెబుతున్నాను. ముగింపును దాచి ఆ పని చేయడం కుదరదు కనుక కథంతా చెప్పేస్తున్నాను; ముందే తెలిసినంత మాత్రాన రుచి తగ్గే కథ కాదిది.

సరైన ప్రతిని ఎంచుకోవడం

ఈ పేరుతో మూడు చిత్రాలున్నాయి. మొదటి భాగం 1992లోనూ, రెండో భాగం 1993లోనూ వచ్చాయి. ఈ రెండూ కలిస్తేనే కథ పూర్తవుతుంది, కాబట్టి మొదటి భాగం చూసి సినిమా అయిపోయిందనుకోకూడదు. మూడోది 2019లో వచ్చిన ‘లివింగ్ ఇన్ బాండేజ్: బ్రేకింగ్ ఫ్రీ’; అది తర్వాతి తరం కథ. నెట్‌లో వెతికినప్పుడు ముందుగా తగిలేది ఈ కొత్త చిత్రమే కావచ్చు గనుక, నటీనటుల పేర్లు చూసుకోవడం మంచిది. పాత చిత్రంలో ఆండీ ఒకెకేగా కెనెత్ ఒకోంక్వో, అతని భార్య మెరిట్‌గా నెన్నా న్వాబుయేజే, ఆండీ చేరే రహస్య సంఘంలోని ధనవంతుడు చీఫ్ ఒమేగోగా కనాయో ఓ. కనాయో నటించారు. కెనెత్ నెబూవేతో కలిసి ఈ కథను తయారుచేసిన ఒకెచుకు ఒగున్జియోఫోర్, ఆండీని తప్పుదారి పట్టించే స్నేహితుడు పాలోగా తానే తెరమీదికి వచ్చాడు. దర్శకుడు క్రిస్ ఓబీ రాపు అయినా, టైటిళ్లలో విక్ మోర్డీ అనే మారుపేరు పడుతుంది. అది చూసి తప్పు సినిమా పెట్టుకున్నామేమోనని కంగారు పడనవసరం లేదు.

బొమ్మ నాణ్యత మీద ఆశలు పెట్టుకోకూడదు. క్యాసెట్ మీద పుట్టిన చిత్రం ఇది. రంగులు వెలిసి, అంచులు అలుక్కుపోయి, వెలుతురు ఉన్నచోట మరీ తెల్లగా కనిపిస్తే అది మీ టీవీ లోపం కాదు. సంభాషణలు ఇగ్బోలో నడుస్తుంటే కింద ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు బొమ్మలోనే కలిసిపోయి వస్తాయి. లేత రంగు గోడల మీద ఆ అక్షరాలు చిన్న తెరపై సరిగ్గా ఆనవు. అందుకని ఫోన్‌లో కాకుండా వీలైనంత పెద్ద తెర మీద చూడటం మేలు. తెలుగు సబ్‌టైటిళ్లు దొరుకుతాయని ఎదురుచూడవద్దు, యంత్రం దానంతట అది పుట్టించే సబ్‌టైటిళ్లను మాత్రం ఆపేయండి. ఇగ్బో మాటలకు అవి వేసే అక్షరాలు అసలు సబ్‌టైటిళ్ల మీద పడి రెండూ చదవకుండా చేస్తాయి. ఇంట్లో ఇంగ్లీషు రాని పెద్దవాళ్లతో కలిసి చూసేటట్లయితే, ఒకరు రిమోట్ పట్టుకుని, ప్రతి సన్నివేశం తర్వాత ఒక్క నిమిషం ఆపి సారాంశం తెలుగులో చెప్పవచ్చు. ఇలాంటి నిదానమైన సినిమాకు ఆ పద్ధతి బాగానే నప్పుతుంది. నైజీరియాలోని పెద్ద నగరం లాగోస్‌లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికైతే ఇంకా సులువు: ఇగ్బో సహోద్యోగిని ఒకరిని భోజనానికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చూడవచ్చు.

రెండు భాగాలూ నిడివి గలవే కనుక ఒక్క రాత్రిలో ముగించాలని చూడకండి. ఒక సాయంత్రానికి ఒక భాగం చాలు. వేగం పెంచి చూడటం మాత్రం ఈ సినిమాకు తీరని అన్యాయం. ఆండీ మనసు మెల్లమెల్లగా కుళ్లిపోవడాన్ని చూపించడానికి దర్శకుడు తీసుకున్న సమయాన్నే మనం కత్తిరించినట్లవుతుంది.

చూడటానికి ముందు తెలుసుకోవలసినవి

ఈ కథలోని ఆకలి ఎక్కడిదో తెలియకపోతే ఆండీ ఒట్టి దుర్మార్గుడిగా మిగిలిపోతాడు. 1970ల చమురు సంపదతో నైజీరియాలో ఒక తరం మధ్యతరగతి పెద్ద ఆశలతో పెరిగింది. చమురు ధరలు పడిపోయి, 1986లో ఇబ్రహీం బాబంగిడా సైనిక ప్రభుత్వం, ఖర్చులు తగ్గించి దేశ కరెన్సీ నైరా విలువను మార్కెట్‌కు వదిలేసే ఆర్థిక సర్దుబాటు కార్యక్రమాన్ని అమలులోకి తెచ్చాక, ఆ ఆశలకు ఆధారమైన జీతాలు కరిగిపోయాయి. 1985లో ఒక డాలరు కొనడానికి పూర్తిగా ఒక నైరా కూడా అక్కరలేదు. 1992 నాటికి అధికారిక లెక్కల్లోనే సుమారు 17 నైరాలు కావలసి వచ్చింది. ఉద్యోగం చేసేవాడు అద్దె కట్టుకోలేకపోతుంటే, ఏ పని చేస్తున్నాడో ఎవరికీ తెలియని మరొకడు కొత్త మెర్సిడెస్ కారులో తిరుగుతుండేవాడు. 1991 డిసెంబరులో రాజధాని లాగోస్ నుంచి అబుజాకు తరలిపోయినా డబ్బు మాత్రం లాగోస్‌ను వదిలిపెట్టలేదు. కథ జరిగేది ఆ లాగోస్‌లోనే.

ఇగ్బోల సంగతి ఇంకొంచెం ప్రత్యేకం. నైజీరియా నుంచి విడిపోయి బియాఫ్రా అనే సొంత దేశం కోసం 1967 నుంచి 1970 దాకా చేసిన యుద్ధంలో ఓడిపోయిన తర్వాత, బ్యాంకుల్లో ఎంత దాచుకున్నవారికైనా చేతికి వచ్చింది 20 పౌండ్లే. అక్కడి నుంచి వాళ్లు వ్యాపారంతో, చిన్న వయసులోనే ఒక సేటు దగ్గర కొన్నేళ్లు పనిచేసి ఆ తర్వాత ఆయన ఇచ్చిన పెట్టుబడితో సొంత కొట్టు పెట్టుకునే శిష్యరికపు పద్ధతితో మళ్లీ నిలదొక్కుకున్నారు. అటువంటి సమాజంలో సంపదకు గౌరవం చాలా ఎక్కువ; అయితే ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడు, ఏ సరుకు అమ్మాడు అన్న ప్రశ్నలకు జవాబు లేని సంపద మీద అనుమానం కూడా అంతే ఎక్కువ. మనిషిని బలి ఇచ్చి డబ్బు సంపాదించే రహస్య సంఘాల గురించిన పుకార్లు ఆ అనుమానంలోంచే పెరిగాయి. అవి ఎంత బలమైనవో చెప్పడానికి సినిమా వచ్చిన నాలుగేళ్లకు, 1996 సెప్టెంబరులో ఇగ్బోల ప్రాంతంలోని ఓవెర్రీ పట్టణంలో జరిగినదొక్కటి చాలు: ఒక బాలుడి హత్య బయటపడగానే జనం రోడ్ల మీదికి వచ్చి, అకస్మాత్తుగా ధనవంతులైనవారివని తాము నమ్మిన ఇళ్లను, హోటళ్లను, కార్లను తగలబెట్టారు. అలాగని నైజీరియా అంతటా ఇదే జరుగుతుందని ఈ సినిమా చూసి తీర్మానించడం, మన సినిమాల్లోని ఫ్యాక్షన్ చూసి రాయలసీమలో రోజూ బాంబులు పేలుతాయనుకోవడంతో సమానం.

గుప్తనిధుల కోసం నరబలికి ప్రయత్నించారన్న వార్తలు తెలుగు పత్రికల్లో అప్పుడప్పుడు చదువుతూనే ఉంటాం కనుక, కథ మనకు తెలిసినదే అనిపించవచ్చు. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. మనం వినే కథల్లో నిధి భూమిలో ఉంటుంది, బలి అయ్యేది సాధారణంగా ఎవరో పరాయివాళ్లు. ఆండీ చేరే సంఘం అడిగేది పరాయి ప్రాణం కాదు; అతను అందరికంటే ఎక్కువగా ప్రేమించే మనిషినే తెచ్చి ఇవ్వమంటుంది. ప్రేమ ఎంత నిజమైతే ధర అంత పలుకుతుంది. భర్త నిజంగా ప్రేమిస్తున్నాడు కాబట్టే మెరిట్ చచ్చిపోతుందన్నది ఈ కథలోని అతి భయంకరమైన తర్కం.

సినిమా తయారైన తీరు గురించి ఒక కథ ప్రచారంలో ఉంది: వ్యాపారి కెనెత్ నెబూవే దగ్గర ఖాళీ క్యాసెట్లు గుట్టలుగా పడి ఉంటే, వాటిని వదిలించుకోవడానికి ఈ సినిమా తీయించి వాటిలో నింపి అమ్మాడని. వినడానికి బాగుంటుంది గానీ, నెబూవే అంతకుముందే నైజీరియాలోని మరో పెద్ద భాష యొరూబాలో వీడియో చిత్రాలు తీయించి అమ్మినవాడు. నైజీరియాలో ఇది మొట్టమొదటి వీడియో చిత్రం కాదు. ఆ మార్కెట్ ఎలా నడుస్తుందో ఎరిగినవాడు తన భాష మాట్లాడే కొనుగోలుదారులను లెక్కలోకి తీసుకుని వేసిన అడుగు. లాగోస్‌లోని ఇడుమోటా, నైజర్ నది ఒడ్డున ఉన్న ఒనిచా వంటి బజార్లలో ఇగ్బో వ్యాపారుల అంగళ్ల గొలుసు అప్పటికే ఉంది. థియేటర్లు శిథిలమై, రాత్రిపూట బయటికి వెళ్లడానికి జనం జంకుతున్న రోజుల్లో సినిమాయే ఇంటికి వచ్చింది. ఎక్కువ భాగం గదుల్లో జరిగే కథను జనం తమ గదుల్లోనే కూర్చుని చూశారన్నది గుర్తుంచుకుంటే, ఆ హాలు, ఆ సోఫాలు మనకు వేరుగా కనిపిస్తాయి.

మొదటి భాగంలో ఏం గమనించాలి

మొదట్లోనే ఆండీ తన ఇంట్లో కూర్చుని తన బతుకు గురించి తలపోస్తాడు. ఉద్యోగాలు మానేశాడు, చేసిన ప్రయత్నాలు కలిసిరాలేదు, తోటివాళ్లు మాత్రం పైకి వచ్చేశారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ ఇంటిని చూడండి. అది పూరిగుడిసె కాదు. పస్తులుండే కుటుంబం అంతకంటే కాదు. తనకు లేనిదాన్ని కాకుండా తన స్నేహితుడికి ఉన్నదాన్ని కొలతగా పెట్టుకున్నవాడి దిగులు అది. ఈ సినిమాలో దురాశ ఆకలితో మొదలవదు, పోలికతో మొదలవుతుంది. అందుకే పాలో తారసపడటం, అతని వెంట ఆండీ విందులకు వెళ్లడం, అక్కడి మద్యం, కార్లు, బంగారం, పెద్దమనుషుల ముందు అందరూ ఒదిగి నిలబడటం ఇంత సావకాశంగా చూపిస్తారు. సాగతీతలా కనిపించే ఆ సన్నివేశాలు మనకు కూడా ఆశ పుట్టించడానికి పెట్టినవి. ఆ సోఫాలో మనమూ ఒక్కసారి కూర్చుంటే బాగుండుననిపించిందంటే సినిమా పని చేస్తున్నట్టే.

అదే సమయంలో మెరిట్ మీద నుంచి చూపు తిప్పుకోవద్దు. చాలామంది ఆమెను పతివ్రత పాత్రగా లెక్కవేసి, చచ్చిపోయే దాకా పట్టించుకోరు. ఆమె ఉద్యోగం చేసి భర్త కుంగిపోకుండా నిలబెడుతుంది. డబ్బున్న పెద్దమనిషి ఒకడు ఆశ చూపి లోబరుచుకోవాలని చూస్తే లొంగదు. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకే రకమైన ప్రలోభం ఎదురవుతుంది, ఒకరు తిప్పికొడతారు, మరొకరు తలవంచుతారు. కష్టకాలం అందరినీ చెడగొట్టిందన్న సాకు ఆండీకి దక్కకుండా కథకులు ముందే తలుపు మూసేశారు. నా లెక్కలో సినిమాలోని అసలైన తీర్పు ఇదే. ఆ తర్వాత వచ్చే దెయ్యం ఆ తీర్పును అమలు చేస్తుందంతే.

రహస్య సంఘం సన్నివేశాలకు వచ్చినప్పుడు, అది పల్లెలోని దేవత గుడి కాదని గమనించండి. నగరంలోని వ్యాపారవేత్తలు, పలుకుబడి గలవాళ్లు కలిసి నడిపే కూటమి అది. కొత్త సభ్యుడి చేరికలో క్లబ్బు సభ్యత్వం లాంటి మర్యాద, రక్తంతో కూడిన ప్రమాణం రెండూ ఉంటాయి. ఈ రోజు చూస్తే ఆ దుస్తులు, ఆ గొంతులు కాస్త నవ్వు తెప్పించవచ్చు, నవ్వినా తప్పులేదు. కానీ ఆ తర్వాత వచ్చే టీనా ఘట్టం దగ్గర మాత్రం శ్రద్ధగా కూర్చోండి. భార్యను ఇవ్వడానికి మనసొప్పని ఆండీ, రీటా న్జేలు పోషించిన టీనా అనే వేశ్యను తీసుకువచ్చి ఆమెనే భార్యగా నమ్మించబోతాడు. బలి జరగబోయే క్షణంలో టీనా యేసు పేరెత్తి అరవడంతో తంతు చెదిరిపోయి, మోసం బయటపడుతుంది. ఆండీ మీద మనకు మిగిలిన సానుభూతి ఇక్కడే పరీక్షకు వస్తుంది. భార్యను కాపాడుకోవాలని చూశాడు కదా అని అతని మీద జాలి కలిగేలోపే, అందుకోసం దిక్కులేని ఇంకో ఆడదాని ప్రాణం పణంగా పెట్టడానికి వెనకాడలేదన్న సంగతి తగులుతుంది. మెరిట్‌ను అప్పగించడానికి ముందే అతను హంతకుడైపోయాడు. కుటుంబంతో చూసేవారు ఇక్కడ సినిమాను ఆపి కాసేపు మాట్లాడుకోవచ్చు. చిన్నపిల్లలు ఉంటే ఈ ఘట్టానికి ముందే వాళ్లను పడుకోబెట్టడం మంచిది.

దెయ్యాన్ని చూడవలసిన తీరు

మెరిట్ పోయాక డబ్బు వరదలా వస్తుంది. సంతాపదినాలు గడిచీ గడవకముందే మరో పెళ్లి మాటలు వస్తాయి. ఆ సంబరం మధ్యలోకి, ఎగో అనే ఆమెను ఆండీ పెళ్లాడే వేళకు, మెరిట్ వస్తుంది. గ్రాఫిక్స్ హంగుల కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. ఆమె వచ్చి నిలబడుతుంది, చూస్తుంది, అంతే. ఆమె ముఖం కంటే చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలను చూడండి. ఆండీకి కనిపిస్తున్నది వాళ్లకు కనిపించదు. వాళ్లకు కనిపించేదల్లా కొత్త బట్టలు కట్టుకుని ఉన్నట్టుండి బెదిరిపోయిన పెళ్లికొడుకే. అపరాధభావం ఎలాంటిదో చూపడానికి ఇంతకంటే ఖర్చు లేని, ఇంతకంటే సూటి అయిన పద్ధతి నాకు గుర్తు రావడం లేదు.

ప్రతిసారీ ఆమె ఎప్పుడు వస్తోందో గుర్తుపెట్టుకుంటూ చూడమని నా సలహా. అతను డబ్బులేక అల్లాడుతున్నప్పుడు రాదు. హాయిగా కూర్చున్నప్పుడు, ఆ డబ్బుతో కొన్నదాన్ని అనుభవించబోతున్నప్పుడు వస్తుంది. సంపదను ఇచ్చిన శక్తి ఒకటైతే, దాన్ని నోటిదాకా రానివ్వని శక్తి ఇంకొకటి. సినిమా పేరులోని బందీతనం ఈ రెండింటి మధ్య ఇరుక్కుపోవడమే.

రెండో భాగం, ఆ తర్వాత

రెండో భాగం నడిమి భాగం కాస్త వదులుగా ఉంటుందని ముందే ఒప్పుకోవాలి. పక్కదారులు ఎక్కువ, మాటలు ఇంకా ఎక్కువ. అయినా వదిలేయకూడదనడానికి కారణం ఆండీ పతనాన్ని చూపిన తీరు. కొత్తగా వచ్చిన ఎగో డబ్బు తీసుకుని పారిపోతుంది. చివరకు ఆండీ మతి చెడి, లాగోస్ వంతెన కింద చెత్తలో ఏరుకుని తినే స్థితికి వస్తాడు. కెనెత్ ఒకోంక్వో నటన ఇక్కడ మొదటి భాగంలో కంటే బాగుంటుంది. మొదట్లో తనకు దక్కలేదని ఏడ్చిన కార్లన్నీ ఇప్పుడు అతని తలమీదుగా, వంతెన మీద వెళుతుంటాయి.

అతన్ని గుర్తుపట్టి చేయందించేది టీనా. ఒకనాడు ఆండీ బలి ఇవ్వబోయిన మనిషి, ఇప్పుడు చర్చిలో కొత్త బతుకు మొదలుపెట్టిన మనిషి. ఆమె తీసుకెళ్లిన చోట ఆండీ చేసినదంతా నోరు విప్పి చెప్పుకుంటాడు. 1980ల నుంచి నైజీరియాలో వేగంగా విస్తరించిన పెంతెకోస్తు చర్చిలలో అందరి ముందు పాపాన్ని ఒప్పుకుని సాక్ష్యం చెప్పడానికి ఉన్న స్థానం తెలిస్తేనే ఈ ముగింపు అతికినట్టు కనిపిస్తుంది. తెలుగునాట క్రైస్తవ సభల్లో సాక్ష్యాలు విన్నవారికి ఈ వాతావరణం కొత్త కాదు. ఇతరులకు మాత్రం, భార్యను చంపినవాడికి పోలీసులు, కోర్టు, జైలు ఏమీ లేకుండా క్షమ దొరకడమేమిటన్న కోపం రావచ్చు. ఆ కోపం సబబే. మెరిట్ తరఫున మాట్లాడేవాళ్లు చివర్లో తగినంత మంది లేరన్నది నా ఫిర్యాదు కూడా. అయితే చట్టం మీద ఎవరికీ నమ్మకం లేని కాలంలో, సైనిక పాలన కింద తయారైన కథ ఇది. కథకులు న్యాయస్థానం వైపు తిరిగి చూడకపోవడంలోనే ఆ కాలం గురించి చాలా తెలుస్తుంది.

చూడటం అయ్యాక ఓపిక ఉంటే మొదటి భాగంలో పాలో, ఆండీ కలుసుకుని మాట్లాడుకునే సన్నివేశాలను మళ్లీ ఒకసారి పెట్టుకోండి. పాలో ఎక్కడా బలవంతం చేయడు. ఊరిస్తాడు, చిన్నబుచ్చుతాడు, మళ్లీ భుజం తడతాడు. ఒగున్జియోఫోర్ ఈ పాత్రను తానే పోషించడం వల్లనేమో, అందులోని ఏ మాటా పొల్లుపోదు.

2019 చిత్రాన్ని ఆ తర్వాతే చూడాలి. నటుడిగా పేరున్న రాంసీ నూవా దర్శకత్వం వహించిన తొలి సినిమా అది. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లోకి కూడా వచ్చింది. ఇంగ్లీషు, ఇగ్బో కలగలిపి మాట్లాడే ఆ చిత్రంలో ఆండీ కొడుకు న్నామ్దీ తండ్రి నడిచిన దారిలోనే అడుగుపెడతాడు. మెరుపు, వేగం, కెమెరా పనితనం అన్నీ ఎక్కువే కనుక కొత్తవారు ముందు దానితోనే మొదలుపెట్టాలని ఉబలాటపడతారు. కానీ ఒకోంక్వో అందులో మతబోధకుడిగా మారిన ఆండీగా కనిపిస్తాడు. కనాయో మళ్లీ చీఫ్ ఒమేగోగా వస్తాడు. వంతెన కింద పడి ఉన్న ఆండీని, మొదటి విందులో కూర్చున్న ఒమేగోను ఎరగనివారికి వాళ్లు ఎవరో ఇద్దరు పెద్దవాళ్లు మాత్రమే.